వంతెన కింది ఇసుక

కోపంగా ఉన్నవాళ్ళు ఆ గదిలోకి అడుగు పెట్టకూడదని ఆ ల్యాబులో ఒక నియమం ఉంది. గోడమీద రాసిపెట్టింది కాదు, కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ప్రొఫెసర్ మొదటిరోజునే తన నోటితో చెప్పే మాట. ఆ లెక్కన చూస్తే కొండ జారిన దగ్గర్నుంచి ఆమె ఒక్కనాడు కూడా ఇక్కడ కాలు పెట్టి ఉండకూడదు. పెట్టింది. ఇవాళా పెట్టింది, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, గడ్డం కిందికి దిగిన ప్లాస్టిక్ ముసుగు, మోకాళ్ళు దాటి వేలాడే ఏప్రన్, వీటన్నిటి లోపలా ఒళ్ళు మండిపోతున్న ఒక మనిషి. రెండో నియమం ఇంకా పాతది, దాన్ని మాత్రం ఎవరూ దాటరు, ఈ గదిలో ఎవరూ ఒంటరిగా పనిచేయకూడదు. ఒకరు లోపల యాసిడ్‌తో ఉంటే ఇంకొకరు గాజు తలుపు అవతల స్టూలు మీద కూర్చుని, యాసిడ్ తగిలితే రాసే మందు ట్యూబు చేత్తో పట్టుకుని, లోపలి మనిషి చేతుల మీంచి చూపు తిప్పకుండా ఉండాలి. ఎందుకంటే ఈ యాసిడ్ చర్మాన్ని చుర్రుమనిపించి కేక పెట్టించే రకం కాదు. చల్లగా, చప్పుడు లేకుండా లోపలికి దిగి ఎముకని పట్టుకుంటుంది, నొప్పి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. సెలవురోజు కదా, ఆమె ఫోన్ చేయని మనిషి లేడు. ఒకడు ఊళ్ళో లేనన్నాడు, ఒకామె పిల్లకి జ్వరమంది, ఇంకొకడు ఫోనే ఎత్తలేదు. చివరికి గతిలేక ఆయనకే చేసింది. "వస్తానమ్మా," అన్నాడు ప్రొఫెసర్, ఎందుకు ఏమిటి అని కూడా అడగకుండా, వచ్చాడు కూడా. ఇప్పుడు తలుపు అవతల చెడిపోయిన మోకాలు చాపుకుని, ట్యూబు మూత ముందే తీసి పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరి అంకెని తప్పని తేల్చడానికి ఆమె ఈ బీకర్ల ముందు నిలబడిందో ఆ మనిషే ఇవాళ ఆమె ఒంటికి కాపలా.

ఆవిరిని బయటికి లాగే ఫ్యాను హోరులో బయటి చప్పుళ్ళేవీ వినపడవు, ఆ మాత్రం సుఖం ఉంది ఈ గదిలో. ల్యాబులో అందరూ ఆమెని చాటుగా అగ్గిపుల్ల అంటారు, చాటుగా అని వాళ్ళు అనుకుంటారు గాని ఆమెకి తెలుసు, పెట్టినవాడెవడో కూడా తెలుసు, పేరు బాగానే కుదిరిందని తనే నవ్వుకుంది ఒకప్పుడు. ఆయన మాత్రం ఎన్నడూ ఆ పేరు ఎత్తలేదు. ఆయనకి అందరూ అమ్మా, నాయనా. ఇవాళ ముసుగు తగిలించుకుంటూనే చెప్పేసింది, దాచుకోవడం ఆమె వల్ల కాదు, "ఇది దిబ్బకి ఎగువ నుంచి తెచ్చిన ఇసుక సార్. మీ అంకె తప్పని తేలుతుంది." ఆయన మోకాలు రుద్దుకుంటూ, "మంచిది," అన్నాడు. మంచిదట! ఎవరి అనుమతితో తెచ్చావని గద్దించి ఉంటే బాగుండేది, నీ ఉద్యోగం ఊడబెరుకుతానన్నా సంతోషించేది, కోపానికి ఆనుకోవడానికి ఒక గోడ దొరికేది. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని మంచిదంటాడా? పైగా ఆమె సీసా చేతిలోకి తీసుకోగానే తలుపు మీద వేలితో టకటకా కొట్టి, "కోపం తగ్గాక చేద్దామా అమ్మా?" అని గట్టిగా అరిచాడు ఫ్యాను హోరు మీంచి. అప్పుడు చూడాలి ఆమె మొహం, ముసుగు ఉంది కాబట్టి సరిపోయింది. ఈ వారం దాటితే, పరమాణువుల్ని లెక్కపెట్టే పెద్ద యంత్రం దగ్గర వంతు పోతుంది, మళ్ళీ వంతు వానలు వెళ్ళాకే. వానల్లోపు కొండ జారిన సంగతి మీద వేసిన కమిటీ మళ్ళీ కూర్చుంటుంది, సొరంగం కంపెనీవాళ్ళు ఆ దిబ్బ మీద ఇంకా రాళ్ళు పోసుకోవచ్చో లేదో తేలుస్తుంది, దిబ్బ కింద క్వార్టర్స్ వరసలో అక్క ఉంది, అక్క కూతురు ఉంది, ఈయనగారేమో కోపం తగ్గాక చేద్దామంటాడు. తగ్గదు. తగ్గేదయితే ఈపాటికి తగ్గి ఉండేది.

బీకర్లు రెండు. గాజుని ఈ యాసిడ్ తినేస్తుంది గనక రెండూ తెల్లటి ప్లాస్టిక్‌వి. ఒకదాంట్లో ఇసుక ఉంది, ఇంకోదాంట్లో ఇసుక తప్ప మిగతావన్నీ అదే వరసలో పోస్తారు, చేతుల్లోంచీ సీసాల్లోంచీ ఎంత మురికి కలిసిందో చెప్పడానికి. ఇసుక అంటే ఏటి ఒడ్డున కాలికి తగిలే ఇసుక కాదు, సంచెడు తెచ్చి, జల్లించి, అయస్కాంతానికి అంటుకునేదంతా తీసేసి, వారాల తరబడి నానబెట్టి కడిగితే చివరికి మిగిలిన గుప్పెడు పలుగురాయి రేణువులు. చక్కెరలా ఉన్నాయి. ఆకాశంలోంచి కంటికి కనపడని కిరణాలు రాత్రీ పగలూ కురుస్తుంటాయి, నేల పైపైన ఉన్న పలుగురాయిలో అవి ఒక అరుదైన బెరీలియంని పుట్టిస్తాయి, రాయి ఎంతకాలం పైన పడి ఉంటే అంత. మనిషి ఎండలో ఎంతసేపు తిరిగాడో కమిలిన ఒళ్ళు చూసి చెప్పినట్టు, రేణువులో అది ఎంతుందో కొలిస్తే కొండ ఎంత నిదానంగా అరుగుతోందో తెలుస్తుంది. ఎక్కువుంటే కొండ మెల్లగా అరుగుతున్నట్టు, తక్కువుంటే గబగబా కొట్టుకుపోతున్నట్టు. మరి కొండ పొట్ట కోసి తీసిన రాయి? అది పుట్టి బుద్ధెరిగి ఆకాశం మొహం చూడలేదు, దాంట్లో ఏమీ ఉండదు. సొరంగంలోంచి తెచ్చి పోసిన ఆ రాళ్ళపొడి వానకి కొట్టుకొచ్చి ఏటి ఇసుకలో కలిసిందనుకోండి, ఆ ఇసుక కొలిచినవాడికి కొండకొండంతా పరుగున కరిగిపోతున్నట్టు అంకె వస్తుంది. మొదటి ఏడాది పిల్లలకి తెలిసిన సంగతి ఇది. వాళ్ళకి చెప్పేది ఎవరు? ఆయనే. బోర్డు మీద కొండ బొమ్మ గీసి, దిబ్బ గీసి, ఏరు గీసి, "ఇక్కడ తీయకండి నాయనా, ఇక్కడ తీస్తే అబద్ధం వస్తుంది," అని సుద్దముక్కతో పెద్ద ఇంటూ గుర్తు పెట్టేది ఆయనే.

కమిటీ కోసం ఇసుక తీయడానికి వెళ్ళిన రోజు ఆ ఇంటూ గుర్తు పెట్టిన చోటే, దిబ్బకి దిగువన వంతెన కిందే, జీపు ఆపించాడు. చినుకులు పడుతున్నాయి, డ్రైవరు పైకి దారి బాగాలేదంటూ మొహం ముడుచుకున్నాడు, ఆయన మోకాలు వాచి ఉంది, కంపెనీ ఇంజినీరు గొడుగు పట్టుకుని వెంట తిరుగుతున్నాడు, పెళ్ళికొడుక్కి పట్టినట్టు. "ఇంకా పైకి వెళ్దాం సార్, దిబ్బ దాటాక తీద్దాం," అంది ఆమె. ఒకసారి కాదు, రెండుసార్లు అంది. "నది అన్నిటినీ కలిపేస్తుందమ్మా," అన్నాడు. కలిపేస్తుంది, నిజమే, అదే కదా ఏడుపు! అప్పటికి బావ పోయి నెల తిరగలేదు. ఆయనకి తెలుసు, చావుకి వచ్చి గుమ్మంలో తలొంచుకుని నిలబడ్డాడు, అక్కకి నమస్కారం పెట్టాడు. తెలుసు గనకే, "నువ్వు లెక్కల్లోకి రాకమ్మా, సొంతవాళ్ళు పోయినవాళ్ళు అంకె చెబితే కమిటీ నమ్మదు," అని పక్కకి పెట్టాడు కూడా. అందుకని వంతెన కింద ఆమె పని సంచి మూతి తెరిచి పట్టుకోవడం. పట్టుకుంది. ఆయన పారతో ఇసుక ఎత్తి పోస్తుంటే బూడిదరంగు పదునైన ముక్కలు, ఏటిలో దొర్లి నునుపెక్కని ముక్కలు, నిన్నగాక మొన్న కొండలోంచి ఊడిన ముక్కలు సంచిలో పడడం చూసింది. ఆయన చూడలేదా? ఏళ్ళ తరబడి రాళ్ళు చూసిన కళ్ళు! చూసి చూడనట్టున్నాయా? ఇన్నాళ్ళూ ఈ ఒక్క ప్రశ్నే పళ్ళ మధ్య చిక్కుకున్న నారలా నాలుకకి తగులుతూ ఉంది.

చెమట కంట్లోకి కారుతోంది, తుడుచుకోవడానికి లేదు, చెయ్యి మొహం దాకా తెచ్చిందంటే ఆయన తలుపు బాదుతాడు. బీకర్ల మూతల అంచున సన్నగా ఆవిరి. బావ ఈ పనిని ఎంత ఎగతాళి చేసేవాడు! సొరంగంలో పంపు నడిపే మనిషి, నీళ్ళూ బురదా తప్ప ఎరగడు, "మా మరదలు రాళ్ళతో మాట్లాడి వాటి వయసు చెబుతుందట, నా వయసు చెప్పమనండి చూద్దాం, పెళ్ళప్పుడు మీ అక్కకి అబద్ధం చెప్పాను," అని పదిమందిలో పరువు తీసేవాడు. ఆమె ఊరుకునేదా, "మీ బుర్ర వయసు చెప్పమంటారా, పైన జుట్టు వయసు చెప్పమంటారా బావా, రెండూ ఒకటి కావు," అనేది, అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాడు ఆ పొద్దున. అక్క కంపెనీ క్యాంటీన్లో పనిలో ఉంది, పిల్ల బడికి వెళ్ళింది. దిబ్బ జారింది. క్వార్టర్స్ వరసలో కొస ఇళ్ళ మీద పడింది, మొదటి ఇళ్ళని వదిలేసింది, బావ ఆ పూట కొస ఇంట్లో స్నేహితుడి మంచం మీద పడుకున్నాడు, తన ఇంట్లో పిల్ల పొద్దున్నే రేడియో పెడుతుందని, నిద్ర పట్టదని. కొండ జారింది అన్నారు అందరూ. కొండ! కొండ అక్కడే ఉంది, చెక్కు చెదరకుండా. జారింది దిబ్బ. మనుషులు లారీలతో తెచ్చి పోసిన దిబ్బ.

తర్వాత కమిటీ. పొడుగాటి బల్ల, నీళ్ళ సీసాలు, వెనక కుర్చీల్లో అక్క పక్కన ఆమె. ఆయన లేచి కళ్ళజోడు సర్దుకుని, పాఠం చెప్పే గొంతుతోనే అంకె చదివాడు, ఈ పరీవాహక ప్రాంతం సహజంగానే ఇంత వేగంగా అరుగుతోంది, ఇలాంటి చోట నేల జారడం అసాధారణం కాదు. సహజంగానే! ఆ మాట వినగానే కంపెనీ ఇంజినీరు వెనక్కి జారగిలబడి కాళ్ళు చాపుకున్నాడు, ఆ చాపుకోవడం ఆమె చచ్చేదాకా మరిచిపోదు. ఎక్కడి ఇసుక అని ఒక్కడూ అడగలేదు. ఆమె లేచింది. "మృతుడి బంధువులు తర్వాత రాసి ఇవ్వండి," అన్నాడు అధ్యక్షుడు. రాసి ఇచ్చింది, గోడకి చెప్పినట్టయింది. అదంతా ఒక ఎత్తు, ఆ సాయంత్రం అక్క అన్నది ఒక ఎత్తు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిదానంగా అంది, "పోనీలేవే చిన్నదీ. కొండ తత్వమే అంత అని అంత చదువుకున్నాయన చెప్పాడుగా. కొండని ఏమని తిడతాం?" అలా అనేసి తేలికపడినట్టు కళ్ళు మూసుకుంది. అదీ ఆయన చేసిన పని. బావని చంపింది ఆయన కాదు, దిబ్బ పోసింది ఆయన కాదు, కానీ అక్క చేతిలోంచి కోపం లాగేసుకున్నది ఆయనే. భర్త పోయిన ఆడమనిషికి ఎవర్నో ఒకర్ని నిలదీసే హక్కయినా మిగిలి ఉంటుంది కదా, దాన్ని ఒక్క అంకెతో ఊడ్చేశాడు. కోపం లేదు గనకే అక్క ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది, వెనక గోడ దిబ్బ వైపుకి ఉన్న గదిలో పిల్లని పడుకోబెడుతోంది. కొండ దయ ఎలా ఉంటే అలా జరుగుతుందంటుంది. ఎవరి దయ? లారీల దయ!

ఈ ఇసుక తేవడానికి అక్కే తోడొచ్చింది, చెల్లెలు ఒక్కతే ఏట్లో దిగితే జారి పడుతుందని. దిబ్బ చుట్టూ తిరిగి, పొదలు పట్టుకుని ఎక్కారు ఇద్దరూ, చిన్నప్పుడు స్కూలు గోడ ఎక్కినట్టు, అక్క ముందు, ఆమె వెనక. దిబ్బ దాటాక ఏరు వేరే ఏరులా ఉంది, తేటగా, అడుగున ఇసుక లేతగా, రేణువులు గుండ్రంగా. ఆమె జల్లెడ ఊపుతుంటే అక్క మోకాలి లోతు నీళ్ళలో నిలబడి సంచి పట్టుకుంది, వంతెన కింద తను పట్టుకున్నట్టే.

"ఏమే, ఈ ఇసుకకి నోరొస్తుందా?"

"వస్తుంది."

"వచ్చి ఏమంటుంది?"

"కొండ తప్పు కాదంటుంది."

అక్క సంచి మూతి ఇంకాస్త తెరిచి పట్టుకుంది. "మరి ఎవరిదంటుంది?" అని అడగబోయింది కాబోలు, పెదవి కదిలింది, మళ్ళీ ఏమనుకుందో, "నీళ్ళు చల్లగా ఉన్నాయి, త్వరగా కానీ," అంది. ఆ అడగని ప్రశ్నకి ఆమెకి ఏడుపొచ్చింది, ఏడుపు రాగానే కోపమొచ్చింది, ఎప్పుడూ అంతే, ఏడుపు ఆమెకి కోపం వేషంలోనే వస్తుంది. వాళ్ళు దిగి వచ్చిన మర్నాడే కంపెనీ ఆ దారికి కంచె వేసి కాపలా పెట్టింది. ఇంకో గుప్పెడు తెద్దామన్నా కుదరదు. ఉన్నది ఇదే.

ఉన్నది ఇదే అనుకుంటూ ఇసుక బీకరు వైపు చూసింది. రేణువులు అంచుల దగ్గర మసకబారి కరగడం మొదలైంది. ఇక వెనక్కి తీయడం ఉండదు. అప్పుడు తగిలింది ఆ ఆలోచన, వెన్నులో చల్లటి చెయ్యి పెట్టినట్టు. క్యారియర్ వేశానా? పలుగురాయిలో ఉండే ఆ అరుదైన బెరీలియం ఎంత కొంచెమంటే దాన్ని విడిగా పట్టుకోవడం ఎవరి తరమూ కాదు, అందుకని మామూలు బెరీలియం ద్రావణం కొలిచి కొంచెం ముందే కలుపుతారు, అది దీన్ని వెంటబెట్టుకుని చివరిదాకా వస్తుంది. దాన్నే క్యారియర్ అంటారు. ఒక్కసారి వేయాలి. అసలు వేయకపోతే చివరికి కొలవడానికి ఏమీ మిగలదు. రెండుసార్లు వేస్తే వచ్చే లెక్క సగానికి పడిపోతుంది, కొండ రెండింతల వేగంతో అరుగుతున్నట్టు కనిపిస్తుంది, అంటే ఈ ఇసుక కూడా లేచి నిలబడి ఆయన మాటే చెబుతుంది. వేసినట్టే గుర్తుంది. కానీ ఆ గుర్తు ఏ బీకరుది? ఖాళీ బీకర్లో వేసింది నిజం, ఆ చుక్కలు తెల్లటి అడుగున పడడం కళ్ళకి కట్టినట్టుంది. ఇసుక మీద పడడం? ఏమీ లేదు, ఆ చోట వంతెన ఉంది, గొడుగు ఉంది, కాళ్ళు చాపుకున్న ఇంజినీరు ఉన్నాడు. సీసాని ముందొకసారీ తర్వాతొకసారీ తూచడం పద్ధతి, తూస్తే ఎన్నిసార్లు తీశామో బరువే చెబుతుంది. ఇవాళ ముందు తూచలేదు. తూచబోతుంటేనే ఆయన తలుపు కొట్టి కోపం తగ్గాక చేద్దామా అన్నాడు, ఆమె పళ్ళు కొరుక్కుంటూ త్రాసు వదిలేసి పనిలోకి దిగింది. ఇప్పుడు రెండు బీకర్లలోనూ నీళ్ళలాంటి ద్రవమే, చూస్తే ఏమీ తెలియదు.

తెలిసినవాళ్ళు ఒక్కరే ఉన్నారు. తల తిప్పింది. గాజు అవతల ఆయన కళ్ళు ఆమె చేతుల మీదే ఉన్నాయి, మొదటి నుంచీ అక్కడే ఉన్నాయి, మనిషి ఎంత ముసలివాడైనా కాపలా కూర్చుంటే కునుకు తీయడు. అడగాలా ఈయన్ని? ఈయన్ని! లేదమ్మా వేయలేదు అని ఒక్క మాట అంటే చాలు, ఆమె తన చేతులారా రెండోసారి వేస్తుంది, ఆ తప్పు ఎవరికీ దొరకదు, ఆ పెద్ద యంత్రానికి కూడా దొరకదు. అక్క తలమీద దిబ్బ ఇంకా పెరుగుతుంది, ఆయన అంకె రాయిలా నిలబడుతుంది. ఈ సంగతి ఆయనకి తెలియదా, ఆమెకి నేర్పిందే ఆయన. అడక్కపోతే? వేశాననుకుని వదిలేసి, వేయలేదని తేలితే ఇసుక పోయినట్టే. ఎటు చూసినా ఆ గాజు తలుపే. జీవితంలో ఎవరి మాట నమ్మనని ఒట్టు పెట్టుకుందో ఆ మనిషి మాట మీద ఆధారపడడం, అదీ యాసిడ్ ముందు నిలబడి, ఏప్రన్ కట్టుకుని. ఒళ్ళు భగ్గుమంది. అడిగింది, గొంతు చించుకుని, తిట్టినట్టే అడిగింది.

"సార్! ఇసుక బీకర్లో క్యారియర్ వేశానా?"

ఆయన ఆలోచించను కూడా లేదు. "వేశావు. ముందు ఖాళీదాంట్లో, తర్వాత ఇసుకదాంట్లో. రెండోసారి కొసన చుక్క నిలిచిపోతే బీకరు గోడకి తాకించావు. మళ్ళీ వేయకమ్మా!"

చుక్క. అవును, తొడుగు లోపల బొటనవేలికి ఆ చిన్న తాకిడి ఇప్పుడు తిరిగి వచ్చింది, చుక్క జారి ఇసుక మీద పడడం కూడా వచ్చింది. నిజం చెప్పాడు. ఊపిరి వదిలింది. కోపం పోతుందేమో అనుకుంది ఒక్క క్షణం, పోలేదు సరికదా ఇంతకు రెండింతలయింది. అబద్ధం చెప్పి ఉంటే ఈయన్ని మొత్తంగా, ఒక్క ముద్దగా అసహ్యించుకుని ఊరుకునేది. చుక్క దగ్గర ఇంత ఖచ్చితంగా ఉండగలిగిన మనిషి, తన అంకె పోతుందని తెలిసీ తడుముకోకుండా నిజం చెప్పగలిగిన మనిషి, అంత దిబ్బ దగ్గర కళ్ళెలా మూసుకున్నాడు?

"లేదని చెప్పి ఉంటే మీ అంకె నిలబడేదిగా సార్!"

ఆయన మొహం చిన్నబోయింది, నిజంగానే నొచ్చుకున్నాడు. "పని దగ్గర అబద్ధం ఎలా చెబుతానమ్మా?"

"వంతెన కింద చేసింది పని కాదా?"

ఫ్యాను హోరు. ఆయన ట్యూబు వైపు చూశాడు, మోకాలి వైపు చూశాడు. తర్వాత ఆయన అన్న మాట గాజులోంచి వినపడలేదు, పెదవులు చూసి తెలుసుకుంది.

"అక్కడ నన్నెవరూ అడగలేదు."

ఆమె చేతులు బల్లమీద కదలకుండా పెట్టుకుంది. "అడుగుతారు," అంది. "కమిటీ కూర్చునే రోజు మా అక్కని తీసుకొస్తాను. దానికి కోపం రాదు, నేను నేర్పిస్తాను. మీ ఎదురుగా నిలబడి, దిబ్బకి ఎగువ ఇసుకా, దిగువ ఇసుకా అని అడుగుతుంది. ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పండి దానికి, ఆలోచించకుండా."

ఆయన స్టూలు అంచు పట్టుకుని లేవబోయాడు.

"కూర్చోండి సార్," అంది ఆమె. "నేనింకా లోపలే ఉన్నాను."